పంపు కింది బండ

"పంపులు బాగుజేసెటోళ్ళను మెకానిక్కులంటరు. ఇంజనీర్లని ఎవలంటరు?" అన్నాడు పరశురాం, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ.

సింధుజ పెనం మీది జొన్నరొట్టెకు తడిగుడ్డతో నీళ్ళు పూస్తోంది. తలెత్తలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడదానికి జవాబు చెప్పే తీరిక ఉండదని మొగుళ్ళకు తెలుసు. అందుకే ఇట్లాంటి మాటలు పొద్దున్నే అంటారు.

"ఎక్కడన్న కూసునే పని జూసుకోరాదు? నలుగుర్ల చెప్పుకునేటట్టు ఉండాలె గద."

గడపలో కూర్చుని టీ తాగుతున్న అత్త ఎంకమ్మ అందుకుంది. "మొన్న పక్కింటి సంతోషమ్మ అడిగింది. మీ కోడలి గోర్లల్ల గా నలుపేందని."

"గ్రీసని చెప్పకపోయినవా అత్తమ్మా."

"గ్రీసంటె దానికేమెరుక? పొయ్యి మసి అని చెప్పిన."

పొయ్యి మసి మర్యాద. యంత్రం మసి నామోషీ. సింధుజకు నవ్వొచ్చింది. నవ్వితే రొట్టె మాడుతుంది. ఆ ఇంట్లో పొద్దున లేచి వాకిలి ఊడ్చేది ఆమె, నీళ్ళు పట్టేది ఆమె, వంట చేసేది, బిడ్డ బిందుకు రెండు జడలు వేసేది, మొగుడికి డబ్బా కట్టేది ఆమె. ఇవన్నీ ముగించి వికారాబాద్ స్టేషన్‌కు ఉరికి తాండూరు రైలెక్కేది. పరశురాం ఎరువుల దుకాణం ఇంటికి పక్క సందులోనే. అయినా నీళ్ళ బిందె ఎత్తిన పాపాన పోలేదు. "నాకు దుకాణం తెరిసే యాళ్ళయింది" అనేవాడు. ఆమెకూ ఒక వేళ ఉందని ఎప్పుడూ తోచినట్టు లేదు. పరిగిలో చుట్టాల పెళ్ళికి పోతే పెండ్లి కొడుకు తమ్ముడు, "వదినా, మా బోరు మోటరు నీళ్ళెత్తుతలేదు, జర పానా పట్టుకొని రారాదు!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా పరశురాం నవ్వాడు. తర్వాత ఒక పెద్దమనిషి కోడలేం చేస్తదని అడిగితే, "కంపెనీల కంప్యూటర్ ముంగట కూసునే పనే" అన్నాడు. పక్కనే ఉన్న ఆమె ముఖం చూడలేదు. మగవాడి పరువు అంత పలచన. భార్య చేతికి నూనె అంటితే అది జారి పడుతుంది.

ఆమె పని చేసేది తాండూరు అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీకి కరెంటు తయారుచేసే పవర్‌ప్లాంటు వెనక ఉంది. అందులో పంపులు చెడకుండా చూసుకోవడం, చెడితే ఎందుకు చెడ్డాయో కనిపెట్టి బాగుచేయించడం ఆమె ఉద్యోగం. చేరిన మొదటి రోజు ఆమెకు బాయిలర్‌ను చూపించారు. మేడ మీద మేడ కట్టినంత ఎత్తు. లోపల ఆవిరి కట్టు తెంచుకోబోయే దున్నలా తన్నుకుంటుంది. ఆ ఆవిరికి ఎదురు నిలిచి, దాని బలాన్ని వెనక్కి నెట్టి, దాని నోట్లోనే నీళ్ళు పోయాలి. ఒక్క క్షణం ఆపకుండా పోయాలి. ఆ పని చేసేది తన నడుమెత్తు కూడా లేని ఒక ఇనుప పంపు. సింధుజ దాని ముందు నిలబడి నోరు తెరిచింది. చిన్నప్పుడు కోట్‌పల్లి ప్రాజెక్టు గట్టు మీద నాయిన గొర్లను తోలుతుంటే వెంట తిరిగిన పిల్ల. నీళ్ళంటే ఆమెకు తెలిసినవి ఆ నీళ్ళు. ఎండకు తెల్లగా మెరుస్తూ, గొర్రె మూతి పెడితే పక్కకు జరిగే నీళ్ళు. ఆ నీళ్ళకు ఇంత కోపం నేర్పవచ్చా? నేల నుంచి ఒక అదురు బూట్లలోంచి మోకాళ్ళకు, అక్కడి నుంచి ఛాతీకి పాకింది. గుడిలో కూడా ఆమెకు ఒళ్ళు అట్లా జలదరించలేదు. ఈ సంగతి ఆ రాత్రి పరశురాంకు చెప్పబోయింది. "కూర్ల ఉప్పు తక్కువైంది" అన్నాడు.

అట్లాంటివి రెండు పంపులున్నాయి. ఒకటి నడిస్తే రెండోది తోడుగా సిద్ధంగా ఉండాలి. ఆ ఏడు రెండో పంపుకు తెగులు పట్టుకుంది. తిరిగే ఇరుసును, అంటే షాఫ్టును, మోసే బేరింగులు మాటిమాటికీ పోతున్నాయి. కొత్త బేరింగు వేస్తే కొన్నాళ్ళు బుద్ధిగా నడుస్తుంది. తర్వాత వణుకు మొదలవుతుంది. వణుకు పెరిగి బేరింగు నల్లబడి మాడిపోతుంది. మళ్ళీ విప్పుడు, మళ్ళీ బిగించుడు. ఈలోగా మొదటి పంపు కూడా ఆగిందా, బాయిలర్‌కు నీళ్ళుండవు. ప్లాంటు మొత్తం చీకటి. నిప్పులు కక్కే సిమెంటు కొలిమి కూడా చల్లబడుతుంది.

ప్లాంటు పెద్ద చంద్రకాంత్. నెమ్మదస్తుడే. నెమ్మదిగానే గొంతు కోస్తాడు.

"సింధుజా, వణుకు లెక్క చూసినవా? మోటరు షాఫ్టు, పంపు షాఫ్టు ఒక్క వరుసల లెవ్వు. వరుస కలిపేది ఎవరు?"

"నేనే సార్."

"మరి తప్పెక్కడుంది?"

సింధుజ గ్రీసంటిన తన వేళ్ళ వైపు చూసుకుంది.

"నేను నీ మీద కోపంతోని అంటలేను. ఈసారి గూడ గిట్లనే అయితే హైదరాబాద్ ఆఫీసుల డ్రాయింగ్ సెక్షనుకు పంపిస్త. నీడపట్టున ఉంటవ్. మంచిదే గద ఆడపిల్లకు."

సింధుజ మళ్ళీ పంపు దగ్గరకు పోయింది. మోటరుకూ పంపుకూ మధ్య తేడా కొలిచే గేజి కట్టి చేతితో షాఫ్టు తిప్పింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. వెంట్రుకలో సగం కూడా తేడా లేదు. అయినా విప్పింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ చూసింది. తన చేయి వణికిందేమో, తన కన్ను మోసం చేసిందేమో, పొద్దున రైలు తప్పుతుందన్న ఆదరాబాదరాలో ఏదో మరిచిందేమో.

ఆ రోజు రైలులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తుంటే ఒక సంగతి ఆమెకు తట్టింది. ఇంట్లో ఏది చెడినా తప్పు ఎవరిదో ముందే నిర్ణయమై ఉంటుంది. బిందుకు జ్వరమొస్తే, నువ్వు పనికి పోబట్టే. పాలు విరిగితే, నీ ధ్యాస ఎక్కడుంది. దుకాణంలో గిరాకీ తగ్గితే కూడా, ఇంట్ల ఆడది ఇంట్ల లేకుంటె గిట్లనే ఉంటది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ప్రతి నేరానికీ ముందుగా తన చేతులే తడుముకుంది. అది అలవాటైంది. అలవాటు ఇంట్లో చెప్పుల పక్కన విడిచి రావడానికి లేదు, ఒంటితో పాటే వస్తుంది. పంపు వణికితే ఆమె పంపును చూడలేదు. తనను తాను చూసుకుంది. ఒకసారి కాదు, బేరింగు పోయిన ప్రతిసారీ. తాను వరుస సరిగ్గానే కలిపింది. గేజి అబద్ధం చెప్పదు. ఆగి ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న వరుస, నడిచేటప్పుడు చెడుతోంది. అయితే ఎవరు చెడగొడుతున్నారు?

ఈ ప్రశ్న ఆమె ఎప్పుడో అడగాల్సింది. మంచి కోడలు కాబట్టి అడగలేదు.

మరునాడు మధ్యాహ్నం రెండో పంపును నడిపించమంది. ఫిట్టరు బిచ్చయ్య పక్కన నిలబడ్డాడు. తాండూరు మనిషే, బండల పాలిషింగు మిషన్ల దుమ్ములో పుట్టి పెరిగినవాడు.

"మళ్ళ నడిపితె బేరింగు పోతది మేడం."

"పోనీ అన్నా. జరసేపు సూడనీ."

సింధుజ బేరింగు మీద చేయి పెట్టింది. వణుకు. పంపు కాలు మీద పెట్టింది. అదే వణుకు. పంపునూ మోటరునూ కలిపి మోసే ఇనుప చట్రం మీద పెట్టింది. అక్కడా అంతే. చేతిని రెండు వేళ్ళు కిందికి జరిపి, చట్రం కింది సిమెంటు దిమ్మె మీద ఆనించింది.

ఏమీ లేదు. దిమ్మె నిద్రపోతోంది.

ఆమె చేయి వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. పైన ఇంత వణుకు ఉంటే కింద ఎందుకు లేదు? చట్రం దిమ్మెను పట్టుకొని ఉంటే ఆ వణుకు దిమ్మెలోకి దిగి చావాలి. దిగడం లేదంటే రెండింటికీ మధ్య పట్టు లేదు. రెండు వేళ్ళ దూరంలో ఎవరో చేయి విడిచారు.

"బిచ్చన్నా, నూనె డబ్బా తే."

చట్రానికీ సిమెంటుకూ అతుకు ఉన్నచోట, అంచు వెంబడి సన్నగా నూనె పోసింది. మోకాళ్ళ మీద కూర్చుని చెంప నేలకు ఆనేదాకా వంగింది. మొదట నూనె కదలలేదు. తర్వాత ఒక చోట చిన్న బుడగ లేచింది. పగిలింది. నూనె లోపలికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చింది. లోపలికి, బయటికి. పొడుగునా, అంచు మొత్తం, నూనె పీలుస్తోంది, విడుస్తోంది.

పంపు ఊపిరి తీస్తోంది.

సింధుజ అట్లాగే ఉండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. టన్నుల బరువున్న ఇనుము, ఇన్ని నెలలుగా అందరి కాళ్ళ దగ్గర, పసిగుడ్డు రొమ్ములా లేచి పడుతూ ఉంది. ఒక్కరూ వంగి చూడలేదు. నొప్పి ఎక్కడో అది తనకు తోచిన భాషలో చెబుతూనే ఉంది. అందరూ దాని కేకనే విన్నారు. ఊపిరి చూసిన మొదటి మనిషి తను. ఈ లోకంలో తనకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటి, ఈ క్షణాన, ఉంది.

సుత్తి తీసుకుని చట్రం మీద తట్టింది. ఒక చోట గట్టి మోత. పంపు వైపు తట్టగానే డొల్ల మోత, పుచ్చిన గుమ్మడికాయలా.

"దిమ్మె పగలగొట్టాలె సార్" అంది చంద్రకాంత్ దగ్గర.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "పునాది పగలగొడతవా? మళ్ళ పోసి, గట్టిపడి, నడిచెవరకు ఎన్ని దినాలు? అందాక ఒక్క పంపు మీద నడపాలె ప్లాంటు. అదాగితే నా ఉద్యోగం బోతది."

"ఇది గిట్లనే ఉంటే రేపో మాపో షాఫ్టే ఇరుగుతది సార్. నూనె లోపల్కి గుంజుతుంది. వచ్చి సూడుండ్రి."

"ఎవరి మాట మీద పగలగొట్టాలె?"

"నా మాట మీద. తప్పయితె నేనే డ్రాయింగ్ సెక్షనుకు పోత. మీరు పంపనక్కర లేదు."

చంద్రకాంత్ జాలిగా నవ్వాడు. "ఎందుకమ్మా గింత పట్టుదల? మీ ఆయన గూడ గదే గద అడిగిండు."

"ఏమడిగిండు?"

"నీకు తెల్వదా? పోయిన నెల వచ్చిండు. మా ఆమెను మిషన్ల కాడికెల్లి తీసెయ్యండి సార్, నేను చెప్తే ఇంటలేదు, మీరే ఏదన్న సాకుతోని ఆఫీసుల ఎయ్యండి అన్నడు. పాపం, మస్తు బతిమాలిండు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సింధుజకు ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది. పరశురాం రైలెక్కి తాండూరు వచ్చాడు. దుకాణం మూసి వచ్చాడు. బిందు బడి ఫంక్షనుకు మూయని దుకాణం. ఎన్నిసార్లు రమ్మన్నా ఒక్కసారి కూడా ఆమె పనిచేసే చోటు చూడటానికి రాని మనిషి, ఆ పని ఊడగొట్టించడానికి వచ్చాడు. ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. ఈ గది నుంచి పంపులు ఏ పాటి దూరం? ఒక్కసారి తొంగి చూసి ఉంటాడా? చూసి ఉండడు. ఇద్దరు మగవాళ్ళు టీ తాగి ఆమె బతుకు మంచిచెడ్డలు మాట్లాడుకున్నారు. ఆమె అప్పుడు అవతల షెడ్డులో, మాడిన బేరింగు అరచేతిలో పెట్టుకుని, నా తప్పేమిటి అని వెతుక్కుంటూ ఉంది.

అరవలేదు. "దిమ్మె సంగతి చెప్పుండ్రి సార్" అంది.

ఆయన వచ్చి చూశాడు. బుడగ లేచింది, పగిలింది. ఆయన వెనక్కి పోయి పగలగొట్టమని సంతకం పెట్టాడు.

పంపును, మోటరును విప్పి పక్కన పెట్టారు. చట్రాన్ని గొలుసులతో పైకి లేపారు. బిచ్చయ్య గునపంతో పై సిమెంటు పెచ్చు లేపాడు. కింద నుంచి రాయి వచ్చింది. చదరంగా కోసి, నునుపుగా పాలిష్ పట్టిన రాయి. నీలం రంగు తాండూరు బండ. ఇంట్లో పరుచుకునే బండ.

అందరూ వంగి చూశారు. ఇనుప పలకలు ఉండాల్సిన చోట, చట్రం మట్టం చేయడానికి, బండ ముక్కలు పేర్చి చుట్టూ సిమెంటు పూశారు.

"గిదెవరు పెట్టిండ్రు?" అన్నాడు చంద్రకాంత్.

బిచ్చయ్య బుర్ర గోక్కున్నాడు. "కట్టినప్పుడు కంట్రాక్టరు మనుషులు పెట్టిండ్రు సార్. నేను గూడ ఉంటి. ఇనుము రాకపాయె. మా బండ కన్న గట్టిదేముంటదని పెట్టినం. గీ బండ మీద ఇండ్లకు ఇండ్లు నిలబడ్డయి, పంపు నిలబడదా?"

"ఇండ్లు వణుకుతయా అన్నా?" అంది సింధుజ.

బిచ్చయ్య నాలుక కరుచుకున్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఆమె ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. పైకి గట్టిగా ఉంది. అంచు గోటితో మీటగానే పొరగా విడిపోయింది. మళ్ళీ మీటింది. ఇంకో పొర. ఆ బండ పుట్టుకే అంత, పొరలు పొరలుగా. అందుకే దాన్ని సులువుగా పలకలుగా కోస్తారు. పైనుంచి వేడినీళ్ళు కారి, వణుకు తగిలి తగిలి, లోపలే చీలిపోయింది. చల్లగా ఆగి ఉన్నంతసేపు చట్రం దాని మీద బుద్ధిగా కూర్చుంటుంది. వేడినీళ్ళు ఎక్కి పంపు బరువు చూపగానే పొరలు నొక్కుకుపోయి పంపు వైపు కుంగుతుంది. వరుస తప్పుతుంది. గేజి ఎట్లా పట్టుకుంటుంది దీన్ని? ఆ రాయి ఏ సముద్రం అడుగున, ఏ కాలంలో, బురద మీద బురద పేరుకుని గట్టిపడిందో. మనుషులే లేని కాలంలో నీళ్ళు చేసిన రాయిని, ఇవాళ నీళ్ళే వచ్చి విప్పేశాయి. ఆమె ఆ పొరను వెలుతురుకు పట్టి చూసింది. పల్చగా, రొట్టె కన్నా పల్చగా ఉంది. ఇంత రాయి అంత యంత్రాన్ని వంచింది.

ఆమెకు భయం వేయలేదు. దండం పెట్టాలనిపించింది.

రాళ్ళు ఏరేశారు. ఇనుప పలకలు పెట్టారు. ఎండినా కుంచించుకుపోని సిమెంటు పోశారు. అది గట్టిపడేదాకా మొదటి పంపు ఒక్కటే ప్లాంటును మోసింది. ఆ రోజుల్లో సింధుజ ఇంట్లో మాట తక్కువ చేసింది. "ఏంది, మూతి బిగబట్టినవ్?" అన్నాడు పరశురాం. "పనున్నది" అంది.

పంపు, మోటరు మళ్ళీ చట్రం మీదికి ఎక్కాయి. ఆమె తన చేతులతోనే వరుస కలిపింది. ఈసారి చేతులను అనుమానించలేదు.

బటన్ నొక్కారు. మోటరు మూలిగింది. షాఫ్టు తిరగసాగింది. మోత పెరిగి పెరిగి ఒక చోట ఆగి, తేనెపట్టు పాటలా నిలకడపడింది. వేడినీళ్ళు ఎక్కాయి. బిచ్చయ్య జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, నడుస్తున్న బేరింగు పైన అంచు మీద నిలబెట్టాడు. బిళ్ళ నిలబడింది. లోపల నిమిషానికి వేలసార్లు తిరిగే ఇనుము, పైన ఒంటికాలి మీద నిలబడ్డ రూపాయి. సింధుజ దిమ్మె మీద చేయి పెట్టింది. సన్నగా, లోతుగా, అదురు దిమ్మెలోకి, దిమ్మె నుంచి భూమిలోకి దిగిపోతోంది. భూమి దాన్ని పట్టుకుంది. అరచేతిలోంచి ఆ అదురు ఆమె ఎముకల్లోకి వచ్చింది. తాను కూడా ఆ నేలలోకి దిగిన వేరులా అనిపించింది. కిందికి, బండల కిందికి, చీకటి నీళ్ళ దాకా.

చంద్రకాంత్ రూపాయి బిళ్ళ వైపే చూస్తూ అన్నాడు. "ఇంగ పంపులన్ని నీ జిమ్మ, నువ్వే జూసుకోవాలె. కాని ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలె. రైళ్ళతోని నడవది. కంపెనీ కాలనీల క్వార్టర్ ఒకటి ఖాళీ ఉంది. నీ పేర రాయమంటవా? ఇంట్ల అడిగి చెప్పు."

"అడిగేదేం లేదు సార్. రాయుండ్రి" అంది. అన్నాక తెలిసింది, ఆ మాట అంటానని తనకు ముందు తెలియదని.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పరశురాం మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఎంకమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. బిందు నేల మీద బొమ్మ గీస్తోంది.

"జర టీ పెట్టు" అన్నాడు తలెత్తకుండా.

సింధుజ సంచి దించింది. పొయ్యి వైపు పోలేదు. బిందు పక్కన కూర్చుంది.

"పోయిన నెల తాండూరుకు వచ్చినవంట."

ఫోను మీది వేలు ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"సారు."

"నీ మంచికే పోయిన. నీకు చెప్తె ఇంటవా?"

"వాడు దుకాణం బందు పెట్టుకొని నీ కోసం తిరిగిండు, ఇంగ గా మాట ఎందుకు తీస్తవే" అంది ఎంకమ్మ.

"నా కోసం గాదత్తమ్మా. నా గోర్ల కోసం."

ఎంకమ్మ చిక్కుడుకాయ తుంచబోయి ఆగింది.

"కంపెనీ క్వార్టర్ ఇచ్చింది" అంది సింధుజ. "వచ్చే నెల పోతున్న. బిందును తాండూరు బడిల ఏస్త."

పరశురాం లేచి నిలబడ్డాడు. "నన్నడగకుంటనే? మరి నేను? అమ్మ?"

"అత్తమ్మ వస్తనంటె నాతోనే ఉంటది. ఆమెతోని నాకేం పేచీ లేదు."

"నేనేం గావాలె?"

గోడ మీద బల్లి కూసింది. బిందు పెన్సిలు ఆపి ఇద్దరినీ చూసింది. సింధుజ మొగుడి ముఖంలోకి చూసింది. పెళ్ళయ్యాక ఇంత తీరికగా ఆ ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు. దాని మీద కోపం ఉంది, కోపం కింద బెరుకు ఉంది. ఆ బెరుకును సముదాయించడం ఇంతకాలం తన పనే అనుకుంది. కాదని ఇవాళ తెలిసింది.

"నీకు అడుగుడు వచ్చు" అంది. "రైలెక్కి పోయి మా సారునడిగినవ్. రావాలనుంటె, ఈసారి నన్నడుగు."